ఒకే అవ్వ, తొమ్మిది ఫారాలు

ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పుడు రాదు. చిన్నప్పటి నుంచి గంతే. ఇంట్ల ఎలుక కనబడితే పిల్లి అంత ఎలుక అని మొదలుపెట్టి, వినేటోళ్ల కండ్లు పెద్దగైనయని చూసినంక, ఆ పిల్లిని తిన్న ఎలుక అని ముగించెటోన్ని. మా ఇంటామె నేను చెప్పేదాన్ని నాలుగుతోటి భాగించి వింటది. రెండే రొట్టెలు తిన్న అంటే మాత్రం రెండుతోటి గుణిస్తది. మీరు ఎట్ల లెక్క వేసుకుంటరో మీ ఇష్టం. పెంచినవన్ని ఏరి చూపించే ఓపిక నాకు లేదు గని, ఇందుల ఒక్క ముక్క మాత్రం పూర్తిగ పుట్టించింది. అది ఏదన్నది చివరికి నేనే ఒప్పుకుంట.

నేను పనిచేసేది చేవెళ్ల దాటినంక రోడ్డు పక్కన ఉన్న కూరగాయల షెడ్డుల. రైతులు తెచ్చిన క్యారెట్టు, బీట్‌రూట్ కడిగి, ఏరి, సంచులల్ల నింపి పట్నం పంపుతం. బీట్‌రూట్ కడిగిన నీళ్లు మోరీల పోతుంటే చూసి, కొత్తగ వచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన లోపల మనిషిని కోసిన్రని బండి మలుపుకొని పోయిండు. నా పోస్టు ఆఫీసు ఇంచార్జి. ఆఫీసంటే ఒక రూము, ఒక కంప్యూటర్, ఒక కూలర్. ఆ కూలర్ నడిస్తే మొయినాబాద్‌ల జనం విమానం పోతున్నదని తలెత్తి చూస్తరు.

మా యజమానికి ఎవరో చెప్పిన్రు, ఇప్పుడు కోడు రాయకుండనే కంపెనీకి కావల్సిన అప్లికేషన్ మనమే కట్టుకోవచ్చని. డబ్బాలను మౌసుతోటి లాగి ఫారం మీద పెట్టుడే, ముగ్గు పెట్టినంత కష్టం కూడ ఉండదని. నన్ను పట్నంల మూడు రోజుల ట్రైనింగుకు పంపిన్రు. మొదటి రోజు నిద్రపోయిన. రెండో రోజు భోజనం మంచిగుండె. మూడో రోజు సర్టిఫికెట్ ఇచ్చిన్రు. అది ఫ్రేము కట్టించి గోడకు కొట్టినంక, షెడ్డుల ఎవరికి తుమ్ము వచ్చినా నాకు చెప్పి తుమ్ముడు మొదలైంది.

నేను కట్టిన వాటిల్ల నాకు ఎక్కువ గర్వం కూలి ఆడోళ్ల ఫారం మీద. పేరు, ఊరు, ఏ వ్యాను, ఏ షిఫ్టు. కింద ఒక డబ్బ: "ఆపదల ఎవరికి చెప్పాలె". ఇగ ఆ డబ్బలనే ఉన్నది నా పనితనమంత. అందుల కనబడే మనిషి వివరాలు ఆ ఫారంవి కావు. ఆ మనుషుల లిస్టు వేరే ఉంటది. ఫారంల ఉన్నది ఒక కిటికీ, దాంట్ల నుంచి ఆ లిస్టుల ఉన్న మనిషి కనబడ్తడు. ఆ కిటికీ మూలకు చిన్న పెన్సిలు బొమ్మ. దాన్ని నొక్కితే ఫారం దాటి పోయే పని లేకుండ, ఆ మనిషి పేరు, నంబరు అక్కడనే దిద్దొచ్చు. ట్రైనింగు సారు ఆ పెన్సిలు చూపించినప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టిన. ట్రైనింగు మొత్తంల నేను పూర్తిగ మెలకువతోటి ఉన్నది ఆ రెండు నిమిషాలే.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి నుంచి తొమ్మిది మంది ఆడోళ్లు వ్యానుల మా షెడ్డుకు వస్తరు. ఫారాలు నింపేటప్పుడు వరుసగ అడిగిన, మీకేమన్నయితే ఎవరికి చెప్పాలె అని. మొదటామె ఒక అవ్వ నంబరు చెప్పింది. రెండో ఆమె గదే నంబరు. ఐదో ఆమె కూడ గదే చెప్పేసరికి పెన్ను కింద పెట్టిన.

"మీరందరు అక్కచెల్లెండ్లా? ఈమె మీ అమ్మనా?"

"కాదు సారు, మా గల్లి అవ్వ."

"మరి మీ ఇంటాయన నంబరు ఇయ్యరాదు?"

తొమ్మిది మంది ఒక్కసారి నవ్విన్రు. తర్వాత ఒకామె విడమరిచి చెప్పింది: "ఒకాయన ఫోన్ల చార్జింగ్ ఉండదు సారు. ఒకాయన ఫోన్ల బ్యాలెన్స్ ఉండదు. మా ఆయన ఫోన్ల రెండు ఉంటయి, ఆయన ఉండడు. అవ్వకైతే చేస్తె ఎత్తుతది."

ఎత్తుడు అంటే గట్లిట్ల ఎత్తుడు కాదు. నేను ఇక్కడ నంబరు నొక్కకముందే అక్కడ అవ్వ "ఆఁ, చెప్పు కొడుకా" అనేది. నలభై ఏండ్లు మందిచేన్లల్ల క్యారెట్టు పీకిన మనిషి. మోకాళ్లు పోయినయి. ఇప్పుడు చర్చి ఎదురుంగ ఇంటి అరుగు మీద కూసుంటది, మెడల ఎర్ర లేసుకు బటన్ ఫోన్ ఏలాడుతుంటది. వ్యాను ఆలస్యమైతే, షిఫ్టు మారితే, మేం అవ్వకు ఫోన్ చేస్తం. అవ్వ కర్ర పట్టుకొని తొమ్మిది ఇండ్లు తిరుగుతది. పిల్లలకు తాళంచెవులు చూపిస్తది, పొయ్యి మీద ఏం పెట్టాల్నో ముసలోళ్లకు చెప్తది. దానికి ఆమెకు ఎవ్వరు ఏమియ్యరు. ఒకసారి ఆ ఆడోళ్లల్ల ఒకామె, "ఎందుకు అవ్వా గంత తిరుగుతవు, అరుగు మీదికెళ్లి కేకెయ్యరాదు" అంటే అవ్వ కోపానికొచ్చిందట. "మోకాళ్లు బంద్ అయినయి. నేను పని బంద్ చేసిన్నని ఎవరు చెప్పిన్రు నీకు?"

మొదట్ల ఆ అవ్వను లిస్టుల తొమ్మిదిసార్లు రాసిన. ట్రైనింగు సారుకు ఫోన్ల చెప్తే మందలించిండు. ఒక మనిషిని ఒక్కసారే రాయాలె, ఆమెను తొమ్మిది ఫారాలకు ముడెయ్యాలె అన్నడు. మంచిమాటే. తొమ్మిది మంది అవ్వలను ఒక్క అవ్వను చేసిన. కబుర్లు కూడ నేను చేసే పని లేకుండ నా గొంతే రికార్డు చేసిన, తొమ్మిది పేర్లు విడివిడిగ పలికి. బటన్ నొక్కితే ఒక్కొక్క ఫారం నుంచి ఒక్కొక్క ఫోను పోతది, నా గొంతు ఫలానా ఆమె ఆలస్యంగ వస్తదనో, వ్యాను ముందే వస్తదనో చెప్తది. అవ్వకు వరుసగ తొమ్మిది ఫోన్లు. తొమ్మిది ఎత్తేది.

గిట్ల నడుస్తుండంగ, ఆ తొమ్మిది మందిల అందరికన్న చిన్నామె, ఆ ఊరికి కొత్తగ కోడలై వచ్చినామె, ఒకరోజు పొద్దున ఆఫీసు గుమ్మంల నిలబడ్డది. ఆమె పెనిమిటి మొయినాబాద్‌కు, చేవెళ్లకు మధ్యల షేరాటో నడుపుతడు.

"అన్నా, నా ఫారంల అవ్వ పేరు తీసి మా ఆయన పేరు రాయవా?"

"ఏమైంది? అవ్వతోటి కొట్లాటనా?"

"అవ్వతోటి ఎవరు కొట్లాడ్తరు అన్నా! మా ఆయన అలిగిండు. నేను బతికుండంగ నీ ఆపదకు ఆ ముసలామె ఎందుకు అంటుండు. రెండు రోజులాయె, సద్ది డబ్బ కూడ తీస్కపోతలేడు."

వెనకనుంచి ఒకామె అందుకున్నది. "నీ మొగడే ఒక ఆపద గదనే పిల్లా. ఆపద వచ్చిందని ఆపదకే చెప్తవా?"

అందరు నవ్విన్రు. నేను ఆమె ఫారం తెరిచి, కిటికీల పెన్సిలు నొక్కి, అవ్వ పేరు తుడిచి ఆటో ఆయన పేరు కొట్టిన. నంబరు మార్చిన. సేవ్ అన్న. పచ్చగ ఒక గీత వచ్చి, అయింది అన్నది. అంతకుముందు అక్కడ ఎర్రగ ఇంకో మాట వచ్చేది, "ఈ మనిషి ఇంకా ఎనిమిది ఫారాలల్ల ఉన్నరు, మార్చాల్నా?" అని. ఊకె అడుగుతున్నదని దాన్ని మొదటి వారంలనే నేనే బంద్ చేసి పెట్టిన. సర్టిఫికెట్ ఉన్నోన్ని గద, నన్ను అడుగుడేంది.

రెండు రోజులు ఏ కబురు పంపే పని పడలే. మూడో రోజు సాయంత్రం ఆడోళ్లను తీస్కపోయే వ్యాను టైరు పేలింది. ఆ సప్పుడుకు షెడ్డుల క్యారెట్లు వాటంతటవే తోలు ఊడినయి. నేను నింపాదిగ బటన్ నొక్కి, చాయ్ తాగిన.

తొమ్మిది ఫోన్లు ఆటో ఆయనకు పోయినయి. ఆటో నిండ జనం. మొదటి ఫోన్ల నా గొంతు ఎవరో ఆడామె పేరు చెప్పి, ఈరోజు ఆలస్యంగ వస్తది అన్నది. రాంగ్ నంబర్ అనుకున్నడు. రెండో ఫోన్ల ఇంకో ఆడామె. నాలుగోదానికి ఎనకసీటాయన అడిగిండు, "ఎంతమందే అన్నా నీకు?" ఆరోదానికి ఒక పెద్దమనిషి పిల్లలను తీసుకొని దిగిపోయిండు. ఎనిమిదోదానికి ఆటో ఆయన ఫోన్ చేతులల్ల పట్టుకొని, "సార్, మీ కాళ్లు మొక్కుత, నాకేం తెల్వదు" అన్నడు. రికార్డు గొంతు దేనికి ఆగుతది? అప్పుడు ఫోను బంద్ చేసిండు. తొమ్మిదోది ఆయన భార్య కబురు. అదొక్కటి ఆయనకు అందలే.

హిమాయత్‌నగర్‌ల అవ్వ అరుగు మీద కూసోనే ఉన్నది. ఫోను మోగలే. బడి నుంచి వచ్చిన పిల్లలు తాళాల ముందు కూసున్నరు. ఆడోళ్లు చీకటి పడంగ దిగి, పిల్లలను చూసి అవ్వ మీదికి వచ్చిన్రు.

"ఏమవ్వా, ఫోన్ ఎత్తలేదా? పిల్లలు గిట్ల వాకిట్ల పడి ఉన్నరు!"

"మోగలే బిడ్డా."

"ఎట్ల మోగదు? సారు చేసిన్నని చెప్పిండు మాకు. పండుకున్నవా ఏంది?"

అవ్వ ఇంకోసారి మోగలే అనలే.

మర్నాడు పొద్దున కర్ర పట్టుకొని షేరాటో ఎక్కి మొయినాబాద్ పోయింది, ఫోను బాగు చేయించుకుందామని. రిపేరు షాపాయన విప్పిండు, ఊదిండు, బిగించిండు. తన ఫోన్ నుంచి కొట్టి చూసిండు. ఖంగుమని మోగింది.

"ఫోన్ బరాబర్ ఉన్నదవ్వా. నీకు ఎవ్వరు చేస్తలేరు, గంతే."

ఆ షాపాయన తప్పేం లేదు. ఫోను సంగతి అడిగితే ఫోను సంగతే చెప్పిండు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ ఎక్కిన ఆటో, కొత్తకోడలు పెనిమిటిదే. సరిగ్గ అప్పుడే నేను రేపు వ్యాను గంట ముందు వస్తదని బటన్ నొక్కిన. ఆయనకు ముందటి రోజు జరిగింది యాదికున్నది. అందుకే ఈసారి స్పీకర్ పెట్టి, ఆటోల ఉన్నోళ్లందరికి చూపించిండు. "వినుండ్రి, మీరే సాక్ష్యం, నా తప్పేమన్న ఉన్నదా?"

నా గొంతు ఆ తొమ్మిది మందిల మూలింటామె పేరు చెప్పింది. రెండో ఫోన్ల రేకులింటామె పేరు. మూడో ఫోన్ల ఇంకొకామె. అవ్వ ఒక్కొక్క పేరు విన్నది. ఊరి మలుపు కాడ మిగతోళ్లు దిగినంక, బండి పక్కకు పెట్టు కొడుకా అన్నది. ఆయన తిట్లకు తయారైండు.

"యాదికి పెట్టుకో" అన్నది అవ్వ. "మూలింటామె తాళంచెవి మందారం కుండి కింద ఉంటది. పిల్లగానికి చెప్పకు, పోగొడ్తడు. పక్కింట్ల ముసలామెకు ఎడమ చెవు వినబడదు, కుడిదిక్కు నిలబడి చెప్పు. రేకులింట్ల పిల్లకు ఆయాసం. మందు బియ్యం డబ్బ మీద ఉంటది. మీ అమ్మ ఆలస్యంగ వస్తది అని గాబరగ చెప్పకు ఆ పిల్లకు, నవ్వుకుంట చెప్పు. లేకుంటె ఊపిరి ఎగబడ్తది."

"నాకెందుకవ్వా గివన్ని?"

"ఇగ నీదే గద డ్యూటీ. వాళ్లు నా పేరు తీయించి నీ పేరు రాయించిన్రు. మంచిదే. నాకు మోకాళ్లు లేవు, నీకు బండి ఉన్నది."

మెడల లేసు తీసి, ఫోను చుట్టు చుట్టి, సంచిల పెట్టుకొని ఇంట్లకు పోయింది.

ఇదంత నాకు ఆటో ఆయనే చెప్పిండు, ఆ తెల్లారి పొద్దున. షెడ్డు గేటుకు ఆటో అడ్డం పెట్టి, యూనియన్ లీడర్ లెక్క లోపలికి వచ్చిండు.

"సార్, నన్ను ఈ నౌకరి నుంచి తీసెయ్యి."

"ఏం నౌకరి? నువ్వు మా దగ్గర చేస్తనే లేవు గద."

"తొమ్మిది మంది ఆడోళ్లకు నేనే దిక్కు అయిన సార్! మా ఆమె మాట్లాడ్తలేదు. ఆటోల ఎక్కెటోళ్లు నా మొహం చూసి నవ్వుతున్నరు. అదిట్లుండనీ." అక్కడ ఆయన గొంతు తగ్గింది. "ఆ అవ్వ నన్ను తిట్టినా బాగుండు సార్. ఏడ్చినా బాగుండు. అన్ని అప్పజెప్పి పోయింది. నిన్న సాయంత్రం అరుగు మీద కూడ కూసోలేదు."

నేను మొదటి ఫారం తెరిచిన. ఆపదల ఎవరికి చెప్పాలె: ఆటో ఆయన. రెండోది తెరిచిన. ఆటో ఆయన. తొమ్మిది తెరిచేసరికి కూలర్ ముంగట కూసొని నాకు పట్టిన చెమటతోటి బీట్‌రూట్లు కడగొచ్చు.

"అన్నా" అన్నది నా భుజం ఎనకనుంచి కొత్తకోడలు, "నా ఒక్కదాని ఫారంలనే గద మార్చుమన్నది?"

ఆమె ఫారంలనే మార్చిన. గని కిటికీల నుంచి చెయ్యి పెట్టి, ఆ అవతల ఉన్న మనిషినే మార్చిన. ఈ ఫారంల ఎవరిని చూపించాలె అన్నది మార్చే చోటు వేరే ఉన్నది. చూపించిన మనిషినే దిద్దే చోటు ఆ పెన్సిలు. తొమ్మిది కిటికీల అవతల ఉన్నది ఒక్కటే అవ్వ. ఒక్క కిటికీల తుడిస్తే తొమ్మిదిటిల పోయింది. తొమ్మిది మందిని ఒక్కరిని చేసింది కూడ నేనే.

బాగు చేసుడు నాలుగు నిమిషాల పని. అవ్వను మళ్ల అవ్వను చేసిన. ఆటో ఆయనకు లిస్టుల విడిగ ఒక చోటిచ్చి, ఆయన భార్య ఒక్కదానికే ముడేసిన. పెన్సిలు పీకేసిన. కిటికీల నుంచి ఇగ చూడొచ్చు, ముట్టరాదు. ఎర్ర మాటను మళ్ల రమ్మన్న.

మిగిలిన ఎనిమిది మంది చేతులకు బీట్‌రూట్ రంగుతోటి గుమ్మంల నిలబడి ఉన్నరు. "అంటె మొన్న అవ్వను ఊకెనే తిట్టినమా?" అన్నది రేకులింటామె.

"నువ్వే పో సారు" అన్నది మూలింటామె. "మేం చెప్తే, మేమే తీయించి ఇప్పుడు బుకాయిస్తున్నమనుకుంటది."

బండి మీద హిమాయత్‌నగర్ పోయిన. అవ్వ ఇంట్ల చింతపండు గింజలు తీస్తున్నది. మొహం ఎప్పుడు చూసింది లేదు గద, ఎవరన్నట్టు చూసింది.

"అవ్వా, నేను షెడ్డు సార్ను."

"గొంతు తెలుసు. ఈ నడుమ ఎన్నిసార్లు తిన్నవా కొడుకా అని అడిగిన, ఒక్కసారి జవాబియ్యకపోతివి."

"అది రికార్డు అవ్వా. నేను కాదు."

"అట్లనా? పెద్ద కొలువు గద, బిర్రుగ ఉంటడేమో అనుకున్న." గింజ ఒకటి తీసి పక్కకు పడేసింది. "ఒక్కటే అడుగుత. అబద్దం చెప్పకు. నా పేరు తీయుమని ఎంతమంది చెప్పిన్రు?"

"ఒక్కామె అవ్వా. అది కూడ మొగడు అలిగిండని, తన ఒక్కదాని కాడ. మిగిలినోళ్లు ఎవ్వరు అనలే."

"ఎవ్వరు అనకుంటె మరెట్ల వోయింది?"

నేను మోకాళ్ల మీద కూసున్న. గల్లి మొత్తం డాబాల మీదికెక్కి చూస్తుండంగ రెండు చేతులు జోడించిన. "నా చెయ్యి అవ్వా. తీసింది నేను. వద్దని చెప్పే మాటను కూడ నేనే బంద్ చేసిన" అన్న. నా కన్నీళ్ల ధారకు వాకిట్ల కోళ్లు గట్టుకెక్కినయి. అవ్వ చెయ్యి పట్టి లేపింది.

తర్వాత నా ఫోన్ నుంచే బటన్ నొక్కిన, రేపటి వ్యాను సంగతి. సంచిల నుంచి మోగింది. అవ్వ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకొని, లేసు విప్పి, పేరు చదవరాకున్నా ఫోను దిక్కు చూసింది. మూడుసార్లు మోగనిచ్చింది. "ఆఁ, చెప్పు కొడుకా." ఎనిమిది ఎత్తింది, తొమ్మిదోది ఇప్పుడు ఆటో ఆయనది. ఎత్తి, లేసు మెడలేసుకొని, కర్ర అందుకున్నది.

"నువ్వు జర తలుపు దగ్గరికేసి పో" అని మూలింటి దిక్కు నడిచింది.

ఇగ ఒప్పుకునేది ఒప్పుకుంట. తొమ్మిది ఫోన్లు నిజం. షాపాయన మాట నిజం. అవ్వ ఆటోల అప్పజెప్పినవన్ని నిజం, ఆయాసం పిల్లతోటి సహ. నేను పుట్టించింది, మోకాళ్ల మీద కూసొని నా చెయ్యి అవ్వా అన్నది. ఎట్ల వోయింది అని ఆమె అడిగినప్పుడు నేను నిలబడే ఉన్న. "కంప్యూటర్ ఖరాబైందవ్వా" అన్న. అవ్వ ఎంటనే నమ్మింది. మొహం మొత్తం విప్పారింది. "అయ్యో, నీకెంత తిప్పలాయె కొడుకా" అని నాకే మంచినీళ్లు ఇచ్చింది. ఆడోళ్లకు సంగతి తెలిసినా, నా మొహం చూసి ఎవ్వరు ఆ గుట్టు విప్పలే.

ఆ ఆదివారం చర్చిల, ఎవరి కోసమన్న ప్రార్థన చేయాల్నా అని అడిగినప్పుడు, అవ్వ కర్ర మీద లేచి షెడ్డుల కంప్యూటర్‌కు బాగలేదు, అది బాగు కావాలె అన్నదట. పాస్టరుగారు దానికి కూడ ప్రార్థన చేసిండట. సోమవారం ఆ ముచ్చట చెప్పుకుంట తొమ్మిది మంది పొట్టలు పట్టుకొని నవ్విన్రు. నేను కూడ నవ్విన. వాళ్లు పనిల పడ్డంక సీట్ల కూసొని చూస్తే, కంప్యూటర్ మంచిగ నడుస్తున్నది. దానికి ఎన్నడు ఏ రోగం లేకుండె.